చిలకకి జామపండు పెట్టేదెవరు?

అనగా అనగా, మన తాతల తాతలకి కూడా తాతలు పుట్టని కాలంలో, సముద్రం ఒడ్డున ముత్యాలరేవు అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని మణికేతుడనే రాజు ఏలేవాడు. మంచివాడే. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడు, తగువని వచ్చినవాడికి తీర్పు చెప్పేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు కత్తి తిప్పడంలో దిట్ట. రెండోవాడు విజయకేతుడు గుర్రమెక్కడంలో దిట్ట. మూడోవాడు చంద్రకేతుడు, అన్నలిద్దరినీ పొగడటంలో దిట్ట.

ఆ ముగ్గురి తర్వాత ఒక కూతురు. పేరు తారావళి.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. రాజుగారికి మగపిల్లాడు పుడితే కోట బురుజు మీద పెద్ద నగారా మోగించేవాళ్లు. ధాం ధాం ధాం! ఊళ్లలో కూడా అంతే. ఎవరింట కొడుకు పుట్టినా వాళ్ల తాహతుకు తగ్గట్టు డప్పో, తప్పెటో, ఏదీ లేకపోతే ఇత్తడి పళ్లెమో మోగించేవాళ్లు. ఆడపిల్ల పుడితే మాత్రం ఏమీ మోగించేవాళ్లు కాదు. మంత్రసాని చేతులు కడుక్కుని చప్పుడు చెయ్యకుండా ఇంటికి వెళ్లిపోయేది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

తారావళికి మాత్రం చిన్నప్పుడు తోచింది. "అమ్మా, నేను పుట్టినప్పుడు ఎన్నిసార్లు మోగించారు?" అని అడిగింది. రాణి సుగుణావతి కూతురి జడ అల్లుతూ అల్లుతూ ఆగిపోయి, "కదలకు, పాయ జారిపోతోంది" అంది.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం, ఘోరజటుడనే మాంత్రికుడు పులితోలు మీద కూర్చుని గాలిలో తేలుతూ వచ్చి కోట నడిమి వాకిట్లో దిగాడు. వాడి జడలు నేలమీద ఈడ్చుకుంటున్నాయి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"రాజా! నీ సింహాసనం మీద నాకు మనసైంది. ఇచ్చెయ్" అన్నాడు.

"బాగుంది వరస! ముగ్గురు కొడుకులుండగా నీకెందుకిస్తానయ్యా?" అన్నాడు రాజు.

మాంత్రికుడు నవ్వి నడుముకి చుట్టుకున్న తాడు విప్పాడు. దాని నిండా ముడులే. "ఏడు సముద్రాల అవతల ఉన్నా నా చెవులు ఇక్కడే ఉంటాయి రాజా. మీ రాజ్యంలో డప్పు మోగినప్పుడల్లా నేనొక ముడి వేశాను. నీ కొడుకులవి ఇవిగో, మూడు!" అంటూ ఆ మూడు ముడులూ గట్టిగా బిగించాడు.

అంతే! వాకిట్లో నిలబడ్డ రాజకుమారులు ముగ్గురూ నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే రాళ్లయిపోయారు.

"రేపటి నుంచి ఈ రాళ్లకి పాచి పడుతుంది. పాచి పెరిగి కళ్లు కప్పేసిన రోజున వీళ్లిక మనుషులు కారు. వారసుడు లేని రాజ్యం ఎవడిదైతేనేం? నలభై రోజులకి వస్తాను, కిరీటం తుడిచి పెట్టు!" అని పులితోలెక్కి వెళ్లిపోయాడు.

తెర వెనక నిలబడ్డ తారావళి ఇదంతా చూసింది. వాడు ఆమెను చూడలేదు.

రాజుగారు కొలువు తీర్చారు. సేనాపతి మీసం మెలేసి, "నేను వెళతాను ప్రభూ" అని సముద్రంలోకి దిగాడు. మోకాలిలోతు నీళ్లలోకి వెళ్లాడో లేదో, మోకాళ్లదాకా రాయైపోయాడు. నలుగురు ఒడ్డు నుంచే మోకు వేసి లాక్కొస్తే బతికి బయటపడ్డాడు. ఆయన ముడీ ఉంది మరి ఆ తాడులో! దేశంలో ప్రతి మగవాడి ముడీ ఉంది. ఎవరు దిగితే వాళ్లు రాయే.

ముసలి మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ఆ మాంత్రికుడి ప్రాణం వాడి ఒంట్లో లేదంటారు ప్రభూ. ఏడో సముద్రం అవతల వాడి దీవిలో ఒక చిలకలో దాచాడట. దేశదేశాల రాజకుమారులు వెళ్లి గుహలన్నీ వెతికారు, చెట్టుతొర్రలన్నీ వెతికారు. ఒక్కడూ తిరిగి రాలేదు."

అప్పుడు తెర వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"చిలకంటే రోజూ తింటుంది కదా మంత్రిగారూ? దానికి జామపండు పెట్టేదెవరు?"

కొలువంతా ఘొల్లున నవ్వింది. మంత్రి కూడా నవ్వి, "ప్రాణాల మీదికొస్తే జామపళ్ల గొడవేమిటమ్మా!" అన్నాడు.

తారావళి తెర తీసుకుని బయటికి వచ్చింది. "తింటుంది, నీళ్లు తాగుతుంది, రెట్ట వేస్తుంది. ఎవరో ఒకరు రోజూ పంజరం కడగాలి. వాళ్లని వెతకాలి గానీ గుహల్ని వెతికితే ఏం లాభం? నేను వెళతాను నాన్నగారూ."

"నువ్వా! నీళ్లలో కాలు పెడితే రాయైపోతావమ్మా!"

"అవను. నాకు నగారా మోగలేదు కదా."

ఆ మాట ఆమె దెప్పిపొడుపుగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. కానీ నవ్విన వాళ్లందరూ తలలు దించుకున్నారు. అందరికంటే కిందికి రాజుగారి తల వాలింది.

రాణి మాత్రం అప్పటికే లేచి వెళ్లిపోయింది. కొబ్బరిపీచు, చెంబెడు నీళ్లు పట్టుకుని వాకిట్లో కొడుకుల కళ్లు తోముతోంది. పాచి పడుతుందన్నాడు గానీ పాచి తోమకూడదని వాడు అనలేదుగా! అంట్లూ గడపలూ తోమిన చేతులు కాబట్టి ఊళ్లో ఆడవాళ్లందరికీ అది వెంటనే అర్థమైంది. పూటకొకరు వంతులేసుకుని వచ్చారు.

తారావళి చీర కొంగు నడుముకి దోపుకుని, చిన్న గంపలో అటుకులూ బెల్లమూ పెట్టుకుని బయలుదేరింది. ఒడ్డున పెద్ద తాబేలొకటి గుంట తవ్వుకుని గుడ్లు పెడుతోంది. పొద వెనక నక్క నాలిక చప్పరిస్తూ కూర్చుంది. తారావళికి తొందరగానే ఉంది. అయినా మనసొప్పలేదు. గుడ్లు పెట్టడం పూర్తయ్యేదాకా నిలబడి, నక్క మీదికి ఇసక విసిరి తరిమి, గుంట పూడ్చి పైన ముళ్లకంప కప్పింది.

తాబేలు కన్నీళ్లు కార్చుకుంటూ, "వందేళ్లుగా పెడుతున్నాను పిల్లా, కాపలా ఉన్నదానివి నువ్వొక్కతివే. ఎక్కడికి వెళ్లాలి?" అంది.

"ఏడు సముద్రాలు దాటాలి తాబేలమ్మా."

"ఓస్, అంతేనా! ఎక్కు."

మొదటిది ఉప్పు సముద్రం. కళ్లు మండాయి, దాటారు. రెండోది చెరుకురసం సముద్రం. ఒళ్లంతా జిగురు, చుట్టూ ఈగలు, దాటారు. మూడోది కల్లు సముద్రం. అక్కడ తాబేలమ్మ రెండు గుక్కలు ఎక్కువ మింగి మూడుసార్లు గుండ్రంగా తిరిగి పెళ్లిపాటలు ఎత్తుకుంది. తారావళి దాని చెవిలో, "నీ గుడ్లు పిగిలే వేళయింది" అని అరిస్తే గానీ దారికి రాలేదు. నాలుగోది నెయ్యి, జారుతూ దాటారు. ఐదోది పెరుగు, చేతులతో తోసుకుంటూ దాటారు. ఆరోది పాలు. ఏడోది మంచినీళ్లు. అక్కడ ఇద్దరూ శుభ్రంగా స్నానం చేశారు. సముద్రానికి మూడు రోజుల చొప్పున ఇరవై ఒక్క రోజులు పట్టింది.

"నా దారి ఇక్కడితో సరి. జాగ్రత్త తల్లీ" అని తాబేలమ్మ వెనుదిరిగింది.

మాంత్రికుడి కోటకి మూడు వాకిళ్లు. వాకిలికొక భూతం కాపలా. వాకిళ్ల పక్కన రాయైపోయిన రాజకుమారులు బారులు తీరి ఉన్నారు.

మొదటి భూతం కత్తి మెరుపు కనిపిస్తే పట్టుకునేది. తారావళి దగ్గర కత్తి లేదు. అది ఆవులించి అటు తిరిగింది. రెండో భూతం గుర్రం చెమట వాసన వస్తే పట్టుకునేది. ఆమె దగ్గర గుర్రం లేదు. అది ఒకసారి వాసన చూసి, "బెల్లం" అని పక్కకి జరిగింది. మూడో భూతం చెవులు రిక్కించి కూర్చునేది, ఎవడైనా 'నేను ఫలానా మహారాజు కొడుకుని' అంటే పట్టుకుందామని. తారావళి ఏమీ అనలేదు. తనను తాను అలా చెప్పుకోవడం ఆమెకు అలవాటే లేదు.

"ఎవతివే?" అంది భూతం.

"వంటింట్లోకి వచ్చాను."

"పో పో, అడ్డు లే!"

మూడు వాకిళ్లూ దాటేసింది. ఇంత సులువుగా దాటినందుకు సంతోషించాలో, ఒక్కరైనా తన ముఖం వైపు సరిగ్గా చూడనందుకు బాధపడాలో ఆమెకు తెలియలేదు.

వంటింటి వెనక చిన్న పాక. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని పచ్చిమిరపకాయలు చీల్చి గింజలు తీస్తోంది. తారావళి ఆవిడ ఎదురుగా చతికిలబడి తనూ ఒక కాయ అందుకుంది.

"ఈ గింజలు తీసిన మిరపకాయలు ఎవరికి అవ్వా?"

ముసలావిడ చెయ్యి ఆగిపోయింది. "నన్ను మాటడిగి ఎన్నాళ్లయిందే తల్లీ ఎవరైనా!" అంది. "నా పేరు అంకవ్వ. నీ అంత ఉన్నప్పుడు నన్ను ఎత్తుకొచ్చాడు ఈ అయ్య. నలభై ఏళ్లయింది. 'ఒసేయ్' అని తప్ప పిలవలేదు. ఇదిగో, వీడికే ఈ మిరపకాయలు" అని పైకి చూపించింది.

చూరుకి ఒక పంజరం వేలాడుతోంది. అందులో పచ్చటి చిలక. అది తల వంచి తారావళిని చూసి, "అవ్వా, తిన్నావా?" అంది. దానికి వచ్చినవన్నీ అంకవ్వ మాటలే మరి.

తారావళి చేతిలోని మిరపకాయ పక్కన పెట్టి లేచింది. "ఇది... గుహలో కదా ఉండాలి?"

"ఏడు తలుపుల గుహలోనే పెట్టాడు. చీకట్లో ఈకలు రాలగొట్టుకుని ఏడుస్తుంటే నేనే తెచ్చి ఇక్కడ ఎండ తగిలే చోట కట్టాను. ఆయనకి తెలియదు. తలుపులు తెరిచి చూస్తే కదా! నాకు మాత్రం ఎప్పుడో తెలుసు తల్లీ, వీడు తుమ్మితే అయ్య తుమ్ముతాడు, వీడికి కడుపు నొస్తే అయ్య మంచం ఎక్కుతాడు."

"తెలిసీ ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగారే తల్లీ?" అంది అంకవ్వ.

తారావళి తన కథంతా చెప్పింది. అంకవ్వ విని పంజరాన్ని ఒళ్లోకి తీసుకుంది. "నీ అన్నల మీద నాకు జాలిగానే ఉంది. కానీ వీడి మెడ విరవమని మాత్రం అడగకు. గుప్పెడంత పిల్లప్పటి నుంచి పెంచాను."

తారావళి చిలకని చూసింది. అది ఆమె వేలు మెల్లగా కొరికి, "ముద్ద పెట్టనా?" అంది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అడగను అవ్వా. వేరే దారి ఆలోచిస్తాను" అంది.

అలా ఆలోచిస్తూ, అంకవ్వకి నీళ్లు తోడుతూ, పద్దెనిమిది రోజులు గడిపింది. దారి దొరకలేదు. నలభయ్యో రోజు తెల్లవారింది.

అక్కడ ముత్యాలరేవులో రాజుగారు రాత్రంతా మేలుకుని ఉన్నారు. నా బిడ్డ ఇక రాదు, సముద్రంలోనే పోయి ఉంటుంది, పుట్టినప్పుడు చెయ్యని మర్యాద పోయాకైనా చెయ్యాలి అనుకుని బురుజెక్కి తనే కర్రలు అందుకున్నారు. రాణి కింద నుంచి పీచు పట్టుకుని పరుగెత్తింది. "పోయిందని మీకెవరు చెప్పారు? ఆపండి!" అని కేకలేసింది. అప్పటికే మోగింది. ధాం! ధాం! ధాం!

ఏడు సముద్రాల అవతల తారావళి ఆ చప్పుడు విన్నది. సన్నగా, గాలిలో కొట్టుకొచ్చినట్టు. అది తనకోసమేనని, ఎందుకో, ఆమెకు తెలిసిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒళ్లంతా పులకరించింది. ఆ పులకరింతలోనే పాదాలు చల్లబడ్డాయి. చూసుకుంటే రాయి!

"నాలుగోదా! ఆ రాజుకి నాలుగో బిడ్డ ఉందా! నా ఇంట్లోనే ఉందా!" అని అరుస్తూ ఘోరజటుడు తాడు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. కళ్లు తాడు మీదే పెట్టి ముడి బిగిస్తున్నాడు. రాయి మోకాళ్లకి ఎక్కింది.

తారావళి భయపడింది. ఎందుకు భయపడదు? కానీ ఆమె చూపు అంకవ్వ చేతిలో ఉన్న మిరపకాయ మీద పడింది. అప్పుడు తోచింది దారి.

"అవ్వా, ఈ పూట చిలకకి తిండి పెట్టకు!" అంది గుసగుసగా.

అంకవ్వ ఆ పిల్ల వైపు చూసింది. మిరపకాయని కొంగులో ముడేసింది. "నాన్నా, కాసేపు ఓర్చుకో" అంది చిలకతో. "సరే అవ్వా" అంది చిలక.

వేళ దాటింది. మాంత్రికుడి కడుపు గుర్రుమంది. నలభై ఏళ్లలో ఒక్క పూట కూడా వాడికి ఆకలి తెలియదు. వేళ ఇంకొంచెం దాటింది. వాడి కళ్లు తిరిగాయి. "నా చిలక!" అంటూ గుహకి పరుగెత్తి, ఒకటి రెండు మూడు అంటూ ఏడు తలుపులూ తెరిచాడు. లోపల రాలిన ఈకలు తప్ప ఏమీ లేవు. తన ప్రాణం ఎక్కడ వేలాడుతోందో తనకే తెలియని మాంత్రికుడు దేక్కుంటూ పాక దగ్గరికి వచ్చి అక్కడ పంజరాన్ని చూశాడు. అప్పటికి తారావళి నడుందాకా రాయైంది. కానీ ఆమెకు ఉపవాసాలూ, అవ్వకు పస్తులూ కొత్తకాదు. ఆకలికి ఆగలేనివాడు అక్కడ వాడొక్కడే.

"ఒసేయ్ ముసలీ! పెట్టవే దానికి!"

"నా పేరు అంకవ్వ" అంది అంకవ్వ.

వాడే ఒక మిరపకాయ తెంపి పంజరంలోకి తోశాడు. చిలక ముఖం తిప్పుకుంది. జామకాయ పెట్టాడు. పచ్చి కాయ, తోసేసింది. అన్నం మెతుకులు పెట్టాడు. వాడి వేలు కొరికింది. వాడు "కుయ్యో!" అని వేలు నోట్లో పెట్టుకుని కూలబడ్డాడు.

"ఏం తింటుందే అది? ఎలా పెట్టాలే?"

"నలభై ఏళ్లు పెంచాను. ఒక్క మాటలో ఎలా చెప్పను?" అంది అంకవ్వ. "ముందు ఆ పిల్ల ముడి విప్పు."

విప్పాడు. తారావళి నడుము కదిలింది, కాళ్లు కదిలాయి.

"మా అన్నలవీ, ఇక్కడున్న రాజకుమారులవీ, తాడులో ఉన్న అందరివీ విప్పు" అంది తారావళి.

వాడు ఒక్కొక్కటీ విప్పాడు. పాతబడి బిగుసుకుపోయినవి రాకపోతే తారావళే పక్కన కూర్చుని ముల్లుతో జారదీసింది. చివరికి ఉత్త తాడు మిగిలింది. అంకవ్వ దాన్ని పొయ్యిలో పెట్టింది. వాడి మంత్రాలన్నీ ఆ తాడులోనే ఉన్నాయేమో, వాడి కళ్లలో నిప్పులు ఆరి మామూలు ముసలాడి కళ్లయ్యాయి.

అప్పుడు అంకవ్వ మిరపకాయ చీల్చి, గింజలు తీసి, వాడి చేతిలో పెట్టింది. "ఇలా పట్టుకో. అలా కాదు. తొడిమ వైపు నుంచి. బతిమాలు. 'నాన్నా' అను."

"నా... నాన్నా" అన్నాడు ఘోరజటుడు. చిలక ఆలోచించి ఆలోచించి ఒక ముక్క కొరికింది. ఇక రోజుకి మూడుపూటలా వాడి పని అదే. మరి ప్రాణం వాడిది కదా!

వాకిళ్లు కడిగినప్పుడల్లా అంకవ్వ ఆ రాళ్ల కళ్లకి పట్టిన పాచి కూడా తోమేది కాబట్టి, అక్కడి రాజకుమారులందరూ లేచి ఒళ్లు విరుచుకున్నారు. "నా కత్తేది?" అన్నాడొకడు. "నా గుర్రమేది?" అన్నాడొకడు. "ఎవరు గెలిచారు?" అన్నాడు ఇంకొకడు. మూడో వాకిలి పక్క నుంచి లేచిన వసంతవర్మ అనే కుర్రవాడు మాత్రం తారావళి, అంకవ్వల దగ్గరికి వచ్చి, "మీ ముఖాలు వాడిపోయాయి. ఏమైనా తిన్నారా?" అని అడిగాడు. అడిగి ఊరుకోకుండా వంటింట్లోకి వెళ్లి గంజి కాచి తెచ్చాడు. ఉప్పు ఎక్కువైంది. అయినా తారావళి రెండోసారి పోయించుకుని తాగింది.

"నేను ముత్యాలరేవు వెళుతున్నాను. నాతో వస్తావా?" అంది.

"మా అమ్మ ఒప్పుకుంటే వస్తాను" అన్నాడు అతను. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

మాంత్రికుడి పులితోలుకి మాత్రం ఎగరడం ఇంకా పోలేదు. దాని మీద తారావళి, చిలకని వాడికే అప్పగించిన అంకవ్వ, వసంతవర్మ ఎక్కారు. అవ్వ ఏడు సముద్రాల మీదా ఏడుసార్లు, "అబ్బ! ఇంత లోకముందా!" అంది. దారిలో అతని తల్లి దగ్గర ఆగారు. ఆవిడ తారావళిని చూసి, కొడుకుని చూసి, "ఇంకా అడుగుతావేంరా!" అంది.

ముత్యాలరేవులో రాజకుమారులు ముగ్గురూ మనుషులై వాకిట్లో తల్లి చుట్టూ కూర్చుని ఉన్నారు. రాళ్లుగా ఉన్నా వాళ్ల కళ్లకి అన్నీ కనిపించాయట. తెల్లవారక ముందే ఎవరు ఊడుస్తారో, నీళ్లు ఎవరు మోస్తారో, జ్వరంతో కూడా పాచి తోమడానికి వచ్చిందెవరో, అన్నీ నలభై రోజులపాటు చూశారట.

రాజుగారు కూతురి ముందుకి వచ్చి నిలబడ్డారు. "నిన్ను చంపినంత పని చేశానమ్మా" అన్నారు.

"విన్నాను నాన్నగారూ. కాళ్లు రాయవుతున్నా వినడానికి బాగుంది" అంది తారావళి.

సింహాసనం ఎవరిదన్న మాట వచ్చింది. అందరూ జయకేతుడి వైపు చూశారు. అతను తన కత్తి తీసి చెల్లెలి పాదాల దగ్గర పెట్టి, "నాకు కత్తి తిప్పడం వచ్చు. అంతే వచ్చు" అన్నాడు. విజయకేతుడు తలూపాడు. చంద్రకేతుడు తన అలవాటు ప్రకారం పొగడటం మొదలుపెట్టాడు. ఈసారి చెల్లెల్ని. పొగిడినకొద్దీ ఇంకా మిగిలిపోతుంటే పాపం రొప్పుతూ కూలబడ్డాడు.

తారావళికి వసంతవర్మతో పెళ్లయింది, పట్టాభిషేకమూ అయింది. పెళ్లి వంట పెళ్లికొడుకే దగ్గరుండి చేయించాడు, ఉప్పు మాత్రం అంకవ్వ చూసింది. తారావళి అరవై ఏళ్లు రాజ్యం ఏలింది. ఏ తగువు వచ్చినా ఎదురుగా నిలబడ్డవాళ్లనే కాక, వెనక గోడవారగా నిలబడి మాట్లాడని వాళ్లని కూడా పేరు పెట్టి పిలిచి అడిగేది. నెలకి మూడు వానలు కురిశాయి, ఏడాదికి మూడు పంటలు పండాయి, అందరూ సుఖంగా ఉన్నారు.

కథ తన దారిన తను వెళ్లిపోయింది. ఇక లేవండి పిల్లలూ, కాళ్లు కడుక్కోండి. అదిగో, మీ అమ్మ ఇంకా పొయ్యి దగ్గరే ఉంది. ఈ పూట ముందు తనని కూర్చోబెట్టి మీరు వడ్డించండి. ఏం తినడం తనకి ఇష్టమో కాస్త అడగండి.